అణునీడలో గల్ఫు దేశాలు

పశ్చిమాసియా పటంలో ఇరాను దేశానికీ అరేబియా ద్వీపకల్పానికీ నడుమ సన్నని సముద్రపు పాయ ఒకటి కనిపిస్తుంది. ఉత్తర తీరవాసులు దానిని పర్షియన్ గల్ఫు అంటారు. దక్షిణ తీరవాసులు అరేబియన్ గల్ఫు అంటారు. పేరు విషయంలోనే రాజీ కుదరని ఆ జలాలను తెలుగువారు ఉత్త 'గల్ఫు' అని పిలిచి, తెలియకుండానే ఆ తగవుకు దూరంగా ఉండిపోయారు. నిజామాబాదు, కరీంనగరు, కడప, గోదావరి జిల్లాల పల్లెలలో ఈ మాట వినని ఇల్లు అరుదు. కువైట్, దుబాయి, దోహా, మస్కట్ నగరాల నుండి వచ్చిన సొమ్ముతో ఆ పల్లెలలో ఇళ్ళు లేచాయి, అప్పులు తీరాయి, పెళ్ళిళ్ళు జరిగాయి. దక్షిణ తీరంలోని ఆరు అరబ్బు రాజ్యాలలో నివసించే భారతీయుల సంఖ్య 2020 దశకంలో దాదాపు 90 లక్షలకు చేరింది. ఆ రాజ్యాలు ఏటేటా ఎందుకు ఆయుధాలు పోగుచేసుకుంటూ వచ్చాయో, ఎదుటి ఒడ్డున ఉన్న ఇరాను అణుప్రయత్నాలు వాటిని ఎందుకు అంతగా కలవరపరిచాయో తెలుసుకోవడం ఈ కారణంగా మనకు కూడా అవసరమే.

భయానికి మొదటి కారణం భూగోళమే. ఇరాను తన తొలి అణువిద్యుత్ కేంద్రాన్ని గల్ఫు ఒడ్డున బుషెహర్ పట్టణం దగ్గర నిర్మించింది. ఆ కేంద్రం ఇరాను రాజధాని టెహరాను కన్నా కువైట్, మనామా, దోహా నగరాలకే ఎక్కువ దగ్గర. ఆ ఎడారి దేశాలలో నదులు లేవు. ప్రజలు తాగే నీటిలో అధికభాగం సముద్రపు నీటిలోని ఉప్పును తొలగించి తయారుచేసినదే. సముద్రంలో అణుధూళి కలిస్తే తాగడానికి చుక్క నీరుండదన్న భయం వారిని ఎప్పుడూ వెంటాడుతూనే ఉంది. 2013 ఏప్రిల్‌లో బుషెహర్ సమీపంలో బలమైన భూకంపం సంభవించినప్పుడు కేంద్రానికి హాని కలగలేదని ఇరాను ప్రకటించినా, ఎదుటి తీరాన ఆందోళన చల్లారలేదు. దీనికి తోడు ఆ దేశాల చమురు ఓడలు చాలావరకు హోర్ముజ్ జలసంధి గుండానే బయటి సముద్రానికి చేరాలి. అత్యంత ఇరుకైన చోట దాని వెడల్పు సుమారు 33 కిలోమీటర్లు మాత్రమే. 2024లో రోజుకు సుమారు 2 కోట్ల పీపాల చమురు ఆ సందులోంచి సాగింది. దానికి ఉత్తరపు ఒడ్డు ఇరానుది.

ఇరాను అణుకథ అమెరికా చేతుల మీదుగానే మొదలైంది. శాంతియుత ప్రయోజనాలకు అణుశక్తి అన్న నినాదంతో అమెరికా 1957లో ఇరానుతో ఒప్పందం చేసుకొంది. 1967లో టెహరానులో 5 మెగావాట్ల పరిశోధక రియాక్టరు పనిచేయసాగింది. దానికి అమెరికా పంపిన ఇంధనం 93 శాతం శుద్ధి చేసిన యురేనియం. అంటే బాంబుకు పనికివచ్చేంత గాఢత గలది. తరువాతి కాలంలో 20 శాతం శుద్ధికే ప్రపంచం గగ్గోలు పెట్టిన విషయంతో దీనిని పోల్చి చూస్తే, రాజనీతిలో ప్రమాదమన్నది వస్తువును బట్టి కాక అది ఎవరి చేతిలో ఉన్నదన్న దానిని బట్టి నిర్ణయమవుతుందని అర్థమవుతుంది. ఇరాను 1970లో అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందాన్ని ధ్రువీకరించింది. 1974లో షా మహమ్మద్ రెజా పహ్లవీ 23,000 మెగావాట్ల అణువిద్యుత్తు ఉత్పత్తిని లక్ష్యంగా ప్రకటించాడు. మరుసటి ఏడు జర్మను సంస్థ ఒకటి బుషెహర్ నిర్మాణాన్ని ప్రారంభించింది.

అరబ్బు పొరుగువారికి షా మీద కూడా నమ్మకం లేదు. 1971 నవంబరు 30న, అంటే యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ అవతరణకు రెండు రోజుల ముందు, ఇరాను నౌకాదళం అబూమూసా, పెద్ద తున్బ్, చిన్న తున్బ్ అనే దీవులలో దిగింది. ఎమిరేట్స్ ఆ దీవుల కోసం నేటికీ వాదిస్తూనే ఉంది. అయితే ఆ రోజులలో ఇరాను, సౌదీ అరేబియా రెండూ అమెరికా గొడుగు కిందనే ఉండేవి. ఇద్దరికీ ఆయుధాలు అమ్మే దుకాణం ఒకటే కావడం వల్ల పోటీ హద్దు దాటలేదు. పశ్చిమాసియాను అణ్వస్త్ర రహిత మండలంగా ప్రకటించాలని 1974లో ఐక్యరాజ్యసమితిలో ప్రతిపాదించినది ఇరానే. ఈజిప్టు దానికి తోడు నిలిచింది.

1979లో ఇస్లామిక్ విప్లవంతో ఈ అమరిక తలకిందులైంది. రాచరికాలు ఇస్లాముకు విరుద్ధమని కొత్త పాలకులు ప్రకటించడంతో దక్షిణ తీరంలోని రాజవంశాలు ఉలిక్కిపడ్డాయి. షియాలు, సున్నీల మధ్య పాత విభేదం దీనికి తోడయింది. 1980 సెప్టెంబరులో ఇరాకు ఇరానుపై దండెత్తింది. ఆ యుద్ధం ఎనిమిదేళ్ళు సాగింది. సౌదీ అరేబియా, కువైట్ ఇరాకుకు ధనం సమకూర్చాయి. 1981 మే నెలలో సౌదీ అరేబియా, కువైట్, బహ్రెయిన్, ఖతార్, ఎమిరేట్స్, ఒమాను కలిసి గల్ఫు సహకార మండలిని స్థాపించుకొన్నాయి.

ఇరాను పాలకుల మనస్తత్వాన్ని తీర్చిదిద్దినది ఈ యుద్ధమే. ఇరాకు విషవాయువులను ప్రయోగించి వేలమందిని చంపితే పెద్ద దేశాలు పెదవి మెదపలేదు. 1988 వసంతంలో టెహరాను మీద వారాల తరబడి క్షిపణులు కురిశాయి. నగరవాసులు లక్షల సంఖ్యలో ఊళ్ళు పట్టి పోయారు. షా కొన్న అమెరికా విమానాలకు విడిభాగాలు దొరకని స్థితిలో ఇరాను లిబియా, ఉత్తర కొరియాల నుండి క్షిపణులు సంపాదించి ఎదురుదెబ్బ తీయవలసి వచ్చింది. ఆపదలో ఆదుకొనేవారు లేరు, మన ఆయుధం మనమే చేసుకోవాలి అన్న పాఠం వారి మనసులో నాటుకుపోయింది. యుద్ధకాలంలోనే యురేనియం శుద్ధి యంత్రాల నమూనాలు, పాకిస్తాను శాస్త్రవేత్త అబ్దుల్ ఖదీర్ ఖాను నడిపిన రహస్య వ్యాపారం ద్వారా ఇరానుకు చేరనారంభించాయి. ఒకరి పిరికితనం మరొకరి దురాశ అన్నట్లుగా ఈ చరిత్రను చెప్పడం సులభం గాని, రెండు ఒడ్డులలోనూ భయానికి కారణాలు నిజమైనవేనని ఒప్పుకోక తప్పదు.

అవతలి ఒడ్డున సౌదీ అరేబియా కూడా చేతులు ముడుచుకొని కూర్చోలేదు. అమెరికా తనకు దూరశ్రేణి క్షిపణులను అమ్మదని గ్రహించి చైనాను రహస్యంగా ఆశ్రయించింది. చైనా నుండి డి.ఎఫ్-3 క్షిపణులు వచ్చి ఎడారిలో వెలసిన సంగతి 1988 మార్చిలో బయటపడింది. సుమారు 2,500 కిలోమీటర్లు పోగల ఆ క్షిపణులు గురి తప్పడంలో పేరుపొందినవి. అణుబాంబు మోయడానికి తప్ప మరి దేనికీ ఇవి అంతగా పనికిరావని నిపుణులు అనుమానించారు. ఆ అనుమానాన్ని తొలగించడానికి సౌదీ అరేబియా అదే సంవత్సరం అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందంలో చేరింది. చాలాకాలం మరుగున ఉన్న ఆ క్షిపణులు 2014 ఏప్రిల్‌లో ఒక సైనిక కవాతులో మొదటిసారి బహిరంగంగా దర్శనమిచ్చాయి. పాత ఇనుమును వీధిలో ఊరేగించడం వృథా పని కాదు; చూడవలసినవారు చూశారు.

ఈ వివాదమంతా యురేనియం శుద్ధి చుట్టూ తిరుగుతుంది గనుక ఆ ప్రక్రియను కొంత వివరంగా తెలుసుకోవాలి. గనిలో దొరికే యురేనియంలో వెయ్యి పరమాణువులను తీసుకొంటే, సులభంగా విచ్ఛిత్తి చెంది శక్తినిచ్చే యురేనియం-235 పరమాణువులు వాటిలో ఏడు మాత్రమే ఉంటాయి. మిగిలినవన్నీ దాదాపుగా యురేనియం-238. రెండింటి రసాయన స్వభావం ఒకటే. బరువులో మాత్రం స్వల్పభేదం ఉంది. యురేనియంను ఫ్లోరిన్‌తో కలిపి వాయువుగా మార్చి, నిమిషానికి వేలాది చుట్లు తిరిగే గొట్టాల్లోకి పంపుతారు. కవ్వం తిప్పినప్పుడు వెన్న వేరుపడినట్లు, బరువైన పరమాణువులు గొట్టం గోడవైపు, తేలికైనవి మధ్యకు చేరుతాయి. ఒక్క గొట్టంలో కలిగే భేదం అతిస్వల్పం. అందువల్ల వందల, వేల గొట్టాలను వరుసగా కలిపి ఒకదాని నుండి మరొకదానికి వాయువును పంపుతూ పోవాలి. ఈ యంత్రాలనే సెంట్రిఫ్యూజులంటారు.

విద్యుత్ కేంద్రానికి 4 శాతం శుద్ధి చాలు. బాంబుకు సుమారు 90 శాతం కావాలి. ఈ రెంటి మధ్య ఎంతో దూరముందని పైకి తోస్తుంది. లెక్క వేస్తే సంగతి వేరు. ఏడు మంచి పరమాణువులను అలాగే ఉంచి, వెయ్యింటిలోంచి 825 పనికిరాని పరమాణువులను తీసివేస్తే 175లో ఏడు మిగులుతాయి. అది 4 శాతం. మరో 140 తీసివేస్తే 35లో ఏడు. అది 20 శాతం. ఇంకో 27 తీసివేస్తే ఎనిమిదింటిలో ఏడు. బాంబుకు చేరువైన గాఢత వచ్చింది. కష్టమంతా మొదటి మెట్టులోనే ఉన్నదన్నమాట. విద్యుత్తు కోసమని శుద్ధి నేర్చిన దేశం, బాంబుకు కావలసిన శ్రమలో పెద్దభాగాన్ని అప్పటికే పూర్తిచేసినట్లవుతుంది. యంత్రాలు అవే, చోటు అదే, మనుషులు వారే. సంకల్పమొక్కటే మారాలి. పొరుగువాడి యంత్రాలను చూడవచ్చు గాని సంకల్పాన్ని చూడలేము. గల్ఫు దేశాల నిద్ర చెడగొట్టింది ఈ సంగతే.

నతాంజ్‌లో ఇటువంటి కర్మాగారం, అరాక్‌లో భారజల కేంద్రం రహస్యంగా నిర్మిస్తున్నారని ప్రవాసంలోని ఇరాను వ్యతిరేక వర్గం 2002 ఆగస్టులో బయటపెట్టింది. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ తనిఖీలు మొదలైనాయి. యూరపు దేశాలతో కుదిరిన ఒడంబడిక ప్రకారం కొంతకాలం ఆగిన శుద్ధి 2006లో తిరిగి ఆరంభమైంది. అదే ఏడాది డిసెంబరులో భద్రతామండలి ఆంక్షలు విధించింది. 2009 సెప్టెంబరులో కోమ్ నగరం దగ్గర కొండ గర్భంలో ఫోర్డో అనే మరో కేంద్రం ఉన్నదని వెల్లడైంది. తమది విద్యుత్తు కోసం, వైద్యం కోసం సాగే ప్రయత్నమేననీ, అణ్వస్త్రం మతధర్మానికి విరుద్ధమనీ ఇరాను పాలకులు పదేపదే ప్రకటించారు. కొండను తొలిచి దాచిన తరువాత ఆ మాటలను నమ్మినవారు తక్కువ.

దక్షిణ తీరంలో ప్రతిస్పందన రెండు విధాలుగా వచ్చింది. 2006 డిసెంబరులో రియాదులో సమావేశమైన గల్ఫు సహకార మండలి, తామూ శాంతియుత అణుశక్తిని అధ్యయనం చేస్తామని ప్రకటించింది. చమురు మీద తేలే దేశాలకు అణువిద్యుత్తు ఎందుకని కొందరు నవ్వారు. ఎమిరేట్స్ మాత్రం పని సాధించి చూపింది. 2009 డిసెంబరులో సుమారు 2,000 కోట్ల డాలర్ల ఒప్పందం దక్షిణ కొరియా కూటమికి దక్కింది. అబుధాబి తీరాన బరాకాలో నాలుగు రియాక్టర్లు లేచాయి. మొదటిది 2020లో విద్యుత్తునిచ్చింది. నాలుగవది 2024లో వాణిజ్య ఉత్పత్తి మొదలుపెట్టింది. దేశ విద్యుత్ అవసరాలలో దాదాపు నాలుగవ వంతు వీటి నుండే తీరసాగింది. ఇందుకు మూల్యంగా, తన నేల మీద యురేనియం శుద్ధి చేయబోమని ఎమిరేట్స్ అమెరికాకు రాసి ఇచ్చింది.

రెండవ ప్రతిస్పందన ఆయుధాల కొనుగోలు. గల్ఫు దేశాలకు సుమారు 2,000 కోట్ల డాలర్ల ఆయుధాలు అమ్ముతామని అమెరికా 2007 జులైలో ప్రకటించింది. ఆ అమ్మకానికి ఇజ్రాయెల్ అభ్యంతరం చెప్పకుండా, దానికి పదేళ్ళలో 3,000 కోట్ల డాలర్ల సైనిక సహాయాన్ని అదే సమయంలో వాగ్దానం చేసింది. 2010 అక్టోబరులో 84 కొత్త ఎఫ్-15 యుద్ధవిమానాలతో సహా సుమారు 6,000 కోట్ల డాలర్ల ఆయుధాలను సౌదీ అరేబియాకు అమ్మదలచినట్లు అమెరికా తెలిపింది. ఎత్తున వచ్చే క్షిపణులను కూల్చే థాడ్ వ్యవస్థను కొన్న తొలి విదేశం ఎమిరేట్స్. ఆ ఒప్పందం 2011 చివర కుదిరింది. ఇరాను కేంద్రాలపై దాడి చేయమని సౌదీ రాజు అబ్దుల్లా అమెరికాను కోరినట్లు 2010 నవంబరులో బయటపడిన అమెరికా దౌత్యపత్రాలు తెలిపాయి. బహిరంగంగా సంయమనం బోధించినవారు చాటుగా యుద్ధం కోరారన్నమాట. 2016-20 మధ్య ప్రపంచంలో అత్యధికంగా ఆయుధాలు దిగుమతి చేసుకొన్న దేశం సౌదీ అరేబియాయే. మొత్తం దిగుమతులలో 11 శాతం దానివే.

ఈ కొనుగోళ్ళ వల్ల భద్రత పెరిగిందా? ఒక దేశం ఆత్మరక్షణకని చేసే ఏర్పాటు ఎదుటివానికి దాడి సన్నాహంగా కనిపిస్తుంది. అతడూ ఆయుధం పడతాడు. దానితో మొదటివాని భయం రెట్టింపవుతుంది. రాజనీతి శాస్త్రంలో దీనిని భద్రతా సంకటం అంటారు. 1998 మే నెలలో భారతదేశం పోఖ్రాన్‌లో పరీక్షలు జరిపిన కొన్ని రోజులకే పాకిస్తాను చాగై కొండలలో పరీక్షలు జరపడం చూసిన మనకు ఇది కొత్త సంగతి కాదు. గల్ఫులో దీనికి ఒక వింత రూపం ఏర్పడింది. స్టాక్‌హోమ్‌లోని శాంతి పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2024లో సౌదీ అరేబియా సైనిక వ్యయం 8,030 కోట్ల డాలర్లు. ఇరానుది 790 కోట్ల డాలర్లు. కొత్త విమానాలు కొనలేని ఇరాను చవకగా తయారయ్యే క్షిపణులను, డ్రోనులను, ఇతర దేశాలలోని సాయుధ వర్గాలను నమ్ముకొంది. ధనికుని కవచంలోని సందులను వెదకడమే పేదవాని యుద్ధతంత్రం.

ఆ సందులు ఎక్కడున్నాయో 2019 సెప్టెంబరు 14న తెలిసింది. సౌదీలోని అబ్ఖైక్ చమురు శుద్ధి కేంద్రం మీద, ఖురైస్ క్షేత్రం మీద డ్రోనులు, క్షిపణులు వచ్చి పడ్డాయి. రోజుకు 57 లక్షల పీపాల ఉత్పత్తి, అంటే ఆ దేశపు ఉత్పత్తిలో సగం, ఒక్క వేకువలో ఆగిపోయింది. వేలకోట్లు పోసి కొన్న రక్షణ వ్యవస్థలు వాటిని ఆపలేదు. దాడి తమదేనని యెమెన్‌కు చెందిన హౌతీలు చెప్పుకొన్నారు, అమెరికా, సౌదీ ప్రభుత్వాలు ఇరానును తప్పుపట్టాయి, ఇరాను కాదన్నది. 2022 జనవరి 17న అబుధాబిలో హౌతీల దాడికి ముగ్గురు బలయ్యారు. ఇద్దరు భారతీయులు, ఒకరు పాకిస్తానీ. ముగ్గురూ కూటికోసం వచ్చినవారే.

ఈ పోటీలో మూడవ పక్షం ఇజ్రాయెల్. డిమోనాలో 1950ల చివర ఫ్రాన్సు సాయంతో కేంద్రం నిర్మించుకొన్న ఆ దేశానికి అణ్వస్త్రాలున్నాయని ప్రపంచమంతా నమ్ముతుంది. అది మాత్రం ఔననదు, కాదనదు. నిరోధక ఒప్పందంలోనూ చేరలేదు. పొరుగున మరెవరికీ ఆ ఆయుధం దక్కరాదన్నది దాని పట్టుదల. 1981 జూన్‌లో ఇరాకు రియాక్టరును, 2007 సెప్టెంబరులో సిరియాలోని కట్టడాన్ని విమానాలతో కూల్చివేసింది. ఇజ్రాయెల్ ఊసెత్తకుండా ఇరానును మాత్రమే నిలదీయడం న్యాయం కాదన్న వాదన అరబ్బు వీధులలో బలంగానే వినిపించింది. అయినా అరబ్బు ప్రభుత్వాలు కనిపించని ఇజ్రాయెల్ బాంబు కన్నా, ఇంకా తయారుకాని ఇరాను బాంబుకే ఎక్కువ భయపడ్డాయి.

2015 జులై 14న వియన్నాలో ఇరానుకూ ఆరు పెద్ద దేశాలకూ ఒప్పందం కుదిరింది. శుద్ధి 3.67 శాతం దాటరాదు. నిల్వ 300 కిలోలు మించరాదు. తనిఖీలకు తలుపులు తెరవాలి. ప్రతిగా ఆంక్షలు తొలగుతాయి. దీనికి ముందరి రహస్య మంతనాలకు ఒమాను ఇల్లు ఇచ్చింది. గల్ఫు రాజ్యాలన్నీ ఒకే గొంతుతో మాట్లాడాయనుకోవడం పొరపాటనడానికి ఇదొక నిదర్శనం. అమెరికా 2018 మే 8న ఒప్పందం నుండి వైదొలగింది. అప్పటివరకు హద్దులలో ఉన్న ఇరాను ఆ మరుసటి ఏడాది నుండి ఒక్కొక్క హద్దే దాటుతూ పోయి, 2021 ఏప్రిల్‌లో 60 శాతం శుద్ధి ఆరంభించింది. ఇరాను బాంబు చేస్తే తామూ వీలైనంత త్వరగా చేస్తామని సౌదీ యువరాజు మహమ్మద్ బిన్ సల్మాన్ 2018 మార్చిలోనే ప్రకటించి ఉన్నాడు. 2025 మే నాటికి ఇరాను దగ్గర 60 శాతం శుద్ధిచేసిన యురేనియం 400 కిలోలు మించిందని అంతర్జాతీయ సంస్థ తెలిపింది.

2025 జూన్ 13న ఇజ్రాయెల్ ఇరానుపై దాడి మొదలుపెట్టింది. 22న అమెరికా విమానాలు ఫోర్డో, నతాంజ్, ఇస్ఫహాన్ కేంద్రాలపై బాంబులు వేశాయి. మరునాడు ఇరాను ఖతార్‌లోని అల్ ఉదైద్ అమెరికా స్థావరం మీదికి క్షిపణులు పంపింది. ఇరానుతో సఖ్యంగా మెలగిన ఖతారు గగనతలం మూతపడింది. భారతదేశం నుండి బయలుదేరిన కొన్ని విమానాలు దారి మళ్ళాయి. రెండేళ్ళ క్రితమే, 2023 మార్చిలో, బీజింగులో సౌదీ, ఇరాను చేతులు కలిపి ఉన్నందున గల్ఫు రాజ్యాలు ఆ యుద్ధాన్ని ఖండించాయి. పదిహేనేళ్ళ క్రితం చాటుగా కోరుకొన్నది కళ్ళెదుట జరిగినప్పుడు వాటికి అది రుచించలేదు.

ఆ సెప్టెంబరు 9న ఇజ్రాయెల్ దోహా నగరం మీదే దాడి చేసింది. అమెరికా స్థావరం పక్కన ఉన్నా రక్షణ లేదని తేలిన ఎనిమిది రోజులకు సౌదీ అరేబియా, అణ్వస్త్రాలు గల పాకిస్తానుతో పరస్పర రక్షణ ఒప్పందం చేసుకొంది. ఒకరిపై దాడిని ఇద్దరిపై దాడిగా పరిగణిస్తామన్నది దాని సారం. పాకిస్తాను అణ్వస్త్రాలకు ఇది వర్తిస్తుందా అన్న ప్రశ్నకు స్పష్టమైన జవాబు రాలేదు. రాకపోవడంలోనే దాని ప్రయోజనం ఉందని కొందరి అభిప్రాయం.

సౌదీ అరేబియా తన నేలమీద యురేనియం శుద్ధి చేస్తుందని ఆ దేశపు ఇంధన మంత్రి 2025 జనవరిలో ప్రకటించాడు. ఆ నవంబరులో అణువిద్యుత్ సహకారంపై చర్చలు ముగిశాయని అమెరికా, సౌదీ కలిసి ప్రకటించాయి. 2009లో శుద్ధిని వదులుకొన్న ఎమిరేట్స్ ఒప్పందానికి ఒక చిన్న షరతు జతపడి ఉంది. ఆ ప్రాంతంలోని మరొక దేశానికి అమెరికా ఇంతకన్నా మెరుగైన నిబంధనలు ఇచ్చినట్లయితే, తన ఒప్పందాన్ని కూడా తిరగరాయమని కోరే హక్కు ఎమిరేట్స్‌కు ఉంటుంది.